పోతయ్య పడవలో వీరలక్ష్మి

హంసలదీవి చూడవచ్చినవాళ్ళలో పోతయ్య పడవ ఎక్కనివాళ్ళు తక్కువ. పొద్దున వేట, మధ్యాహ్నం నుంచి గుడివాడ, బందరు జనాన్ని కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళడం, పదిహేనేళ్ళుగా ఇదే అతని బతుకు. "ఇటు చూడండి, ఎర్రగా ఉంది అమ్మ. అటు నీలంగా ఉన్నాయన అయ్య. కాపరానికొచ్చిన కొత్తకోడలు కదండీ, కాసేపు బెట్టు చేసి ఆనక కలిసిపోద్ది!" అనేవాడు. జనం నవ్వి ఫోటోలు దిగేవాళ్ళు.

ఎక్కనిది అతని పెళ్ళాం వీరలక్ష్మి. చేపల గంప నెత్తిన పెట్టుకుని కోడూరంతా తిరిగేది గానీ, ఆ చోటు మాత్రం చూడలేదు. "ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళు మావా" అని అడిగినప్పుడల్లా కయ్యిమనేవాడు.

"మన ఆడోళ్ళు పడవలో కాలు పెడితే గంగమ్మ ఊరుకుంటదా? వల్లో ఒక్క చేప పడదే!"

తాతల నాటి ఆచారం. వీరలక్ష్మి మళ్ళీ గంప ఎత్తుకునేది.

ఒకరోజు గుడివాడ టీచరు శారదాంబగారు పడవలో కూర్చుని, "మీ ఆవిడకి చూపించారా ఇది?" అని అడిగింది.

"అమ్మో! మా పడవలు ఆడోళ్ళు ఎక్కకూడదండీ."

ఆవిడ తన కాళ్ళకేసి చూసుకుంది. "మరి నేనెక్కానుగా?"

పోతయ్య కూడా ఆవిడ కాళ్ళకేసి చూశాడు. నిజమేగా! ఊరూరి ఆడవాళ్ళు ఎక్కితే రాని కోపం గంగమ్మకు ఒక్క వీరలక్ష్మి మీదే వస్తుందా? సిగ్గేసింది. ఆ సిగ్గు పెళ్ళాం ముందు ఒప్పుకోవడానికి మాత్రం మొగతనం అడ్డొచ్చింది. వేసవిలో వేట ఆపేస్తారుగా, అప్పుడు చూద్దాంలే అనుకున్నాడు. రెండు వేసవులు వచ్చి వెళ్ళాయి.

ఈలోగా వీరలక్ష్మి గంపలో చేపల్ని తడిమి పోల్చుకోవడం మొదలుపెట్టింది. కూతురు రోజా బందరు తీసుకెళ్ళింది. షుగరు కళ్ళకు పాకింది, ఇక చూపు రాదన్నాడు డాక్టరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పోతయ్య ఆ వారమే ఆమె చెయ్యి పట్టుకుని పడవెక్కించాడు. ఇన్నాళ్ళూ నెపం గంగమ్మ మీద వేశాడు, తప్పు తనదేనని ఇప్పుడు తెలుసు.

సంగమం దగ్గర ఇంజను ఆపాడు.

"వచ్చేశామా?" వీరలక్ష్మి నీళ్ళలో చెయ్యి ముంచి నాలిక్కి రాసుకుంది. "ఉప్పగా ఉంది. రంగులు వేరేగా ఉంటాయంటగా? అందరికీ చెప్తావుగా, నాకూ చెప్పు మావా."

పోతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇటు చూడండి..." అన్నాడు, నోటి అలవాటుకొద్దీ.

"ఎటు మావా?"

పోతయ్య ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎర్రనీళ్ళవైపు తిప్పాడు.