తాగొచ్చినా రా

నా చిన్నప్పుడు పాకాల రైల్వే స్టేషన్ బయట మా మేనత్తకు ఇడ్లీ అంగడి ఉండేది. సెలవులంతా నాకు అక్కడే గడిచేవి.

ఆ స్టేషన్‌లో ఒక మనిషి తిరుగుతుండేవాడు. సిలోన్ తేయాకు తోటల్లో పనిచేసిన అరవ కూలీ, అక్కడి ప్రభుత్వం వెనక్కి పంపేస్తే ఓడెక్కి వచ్చినవాడు. దారిలో భార్య, కూతురు జ్వరంతో పోయారట. ఆ సంగతి అతని మనసుకు ఎక్కలేదు. కాట్పాడి బండి వచ్చినప్పుడల్లా పెట్టె పెట్టెలోకీ తొంగిచూసి, వాళ్ళు కనబడక తాగేవాడు. సారా దొరక్కపోతే చెక్కకు పూసే స్పిరిట్ వార్నిషు తాగేవాడు.

అత్త అతన్ని తాగొద్దని ఎన్నడూ అనలేదు. ముందు రెండు ఇడ్లీలు తినమనేది. వార్నిషు మాత్రం ముట్టొద్దని బతిమాలేది. మత్తులో పట్టాల పక్కన కాకుండా అంగడి వెనక పంచలో పడుకోమనేది. అరవంలో అతని కూతురి ముచ్చట్లు అడిగి, అతను చెప్పుకుని ఏడుస్తుంటే పిండి రుబ్బుతూ వినేది.

నాకది నచ్చేది కాదు. ఒకరోజు అత్త లేనప్పుడు అతను సారా వాసనతో వచ్చాడు.

"తాగేది మానితేనే ఈడికి రా!" అని తరిమేశాను. ఎంతో మంచిపని చేశాననుకున్నాను.

మూడు రోజులు అతను రాలేదు. ఏమయ్యాడని అత్త ఆరా తీస్తే నిజం చెప్పాను. వెంటనే ఆమె పొయ్యి ఆర్పి పరుగెత్తింది, వెనకే నేనూ. గూడ్సు షెడ్డు వెనక వార్నిషు తాగి, వాంతుల్లో పడి, కళ్ళు కనబడక నేల తడుముతున్నాడు. జట్కాలో ఆస్పత్రికి చేర్చాము.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"అమ్మీ, మానితేనే రమ్మంటే తాగేది మానడే, వచ్చేది మానతాడు. కండ్ల ముందర ఉంటే గదా మనం సూసుకునేది" అన్నది.

అతను బతికాడు కానీ చూపు సగమే వచ్చింది. నేనే వెళ్ళి, తాగినా సరే రమ్మని పిలిచాను. ఆ తర్వాత బండి వస్తే అతని చెయ్యి పట్టుకుని పెట్టె పెట్టెకూ నడిపించేదాన్ని. ఎవరూ లేరని నేను అనలేదు. చాలా నెలలకు, ఒక సాయంత్రం, సగం పెట్టెలు చూసేసరికే అతను ఆగిపోయాడు.

"చాలమ్మా, పోదాం. వాళ్ళు రారు" అన్నాడు.

సారా పూర్తిగా మానలేదు, తగ్గించాడు. వార్నిషు మళ్ళీ ముట్టలేదు.

ఇప్పుడు తిరుపతిలో, పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి పేవ్‌మెంట్ల మీద మిగిలిపోయినవాళ్ళ దగ్గరికి ఒక సేవాసంస్థలో పనిచేసే కాలేజీ పిల్లలతో కలిసి వెళుతుంటాను. మత్తు సూదులు వేసుకునేవాళ్ళకు, ఒకరి సూది ఇంకొకరు వాడి రోగాలు తెచ్చుకోకుండా, ఆ పిల్లలు శుభ్రమైన సూదులిస్తారు, కూర్చుని మాట్లాడతారు. ఇది వాళ్ళను చెడగొట్టడం కాదా అని ఇరుగుపొరుగు అడుగుతారు. నేను వాదించను. తరిమేసిన మనిషికి, కండ్ల ముందర లేని మూడు రోజుల్లో ఏమవుతుందో నాకు తెలుసు.