శిబిరంలో లెక్కల పాఠం

మా చిన్నప్పుడు సిరిసిల్లలో కరెంటు పోతేనే మనిషి మాట వినిపించేది... వీధంతా సాంచల చప్పుడు. మరమగ్గాలను మేం సాంచలనే అంటాం. ఆ చప్పుడులో అరిచీ అరిచీ మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దదే.

నేను సర్కారు బడిలో పదో తరగతిలో ఉండగా తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. సార్లూ సమ్మెలోకి వెళ్లారు, బడికి తాళం పడింది. నాకు లెక్కలంటే ముందే భయం... పదిలో తప్పితే ఇక కండెలు చుట్టుకుంటూ కూర్చోవాల్సిందే. మా అక్క అలాగే ఆగిపోయింది.

కండెలంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు గొట్టాలు. మగవాళ్లు సాంచలు నడపాలి, ఆడవాళ్లు కండెలు చుట్టాలి... మా దగ్గర పద్ధతి అది. అక్క పెళ్లయి వెళ్లిపోయింది, అమ్మకు చేయి నొప్పి కాబట్టి మా ఇంట్లో ఆ పని నాదే.

బస్టాండు దగ్గర దీక్షా శిబిరం వేశారు. ఒకరోజు మా లెక్కల సారు మెడలో పూలదండతో రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. చూడ్డానికి వెళ్లిన మమ్మల్ని పిలిచి, అట్టముక్క మీద లెక్క వేయమన్నారు! మర్నాటి నుంచి రోజూ అక్కడే పాఠం. సమ్మెలో పాఠాలేమిటని ఒకాయన నిలదీశాడు.

"తెలంగాణ అచ్చినంక నౌకర్లు చెయ్యాల్సింది గీ పిల్లలే గద. గిప్పుడు ఫెయిలైతే ఎట్ల?" అన్నారు సారు.

నేను జవాబు ఎంత గట్టిగా చెప్పేదాన్నంటే, రోడ్డు మీద పోయేవాళ్లు అదీ నినాదమే అనుకుని "జై తెలంగాణ" అనేవాళ్లు...

బొగ్గు గనుల్లోనూ సమ్మె. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. మా నాన్నను మేం బాపు అంటాం, పనిలేక ఆయన కూడా వచ్చి మా వెనక కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం సందుల్లోంచి సాంచల చప్పుడు మొదలైంది. కరెంటు ఉన్న కాసేపట్లోనే గుడ్డ నేసుకోవాలి. అలవాటుగా పుస్తకం మూసి లేచాను. బాపు నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"నువ్వు కూసో బిడ్డా. కండెలు నేను చుట్టుకుంట."

పరీక్షలయ్యేదాకా ఆయనే చుట్టాడు. పక్కింటి మగవాళ్లు నవ్వారు, ఆటపట్టించారు... బాపు పట్టించుకోలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చేది. ఆ వెంటే ఎలాగైనా పాసవ్వాలన్న పంతం వచ్చేది.

లెక్కల్లో నలభై ఆరు వచ్చాయి. బాపుకు చదవడం రాదు, ఎన్నని అడిగితే చెప్పాను. "సాలు బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు కరెంటు పోవడం లేదు, బడులకు తెలంగాణ పేరుతో కొత్త బోర్డులొచ్చాయి. రాష్ట్రం వచ్చింది, నాకు నౌకరీ వచ్చింది... నా మొదటి జీతం చూడ్డానికి బాపు లేడు.

మీ చదువు ఆగకూడదని మీ ఇంట్లో ఎవరు తమది కాని పని నెత్తికెత్తుకున్నారు? వాళ్లింకా ఉంటే, ముందు వాళ్లతో కాసేపు మాట్లాడి... తర్వాత వచ్చి ఇక్కడ రాయండి.