ఒకరి చూపు ఒకరికి అంటకుండా

ప్రొద్దుటూరులో మసీదు వెనక సందులో గడియారాలు బాగుచేసే అల్లాబక్ష్‌కు డెబ్బై దాటాయి. చేతికి గడియారం కట్టేవాళ్లే కరువైన ఈ రోజుల్లో దుకాణం ఎందుకు తెరుస్తాడో ఆయనకే తెలియాలి. కానీ ఏడాదిలో ఒక సాయంత్రం మాత్రం నాలుగు వీధుల జనం ఆయన గడప ముందు నిలబడతారు. రంజాన్ నెలలో ఇరవై తొమ్మిదో ఉపవాసం విడిచిన సాయంత్రం అది. నెలవంక కనబడితే తెల్లారి పండుగ, కనబడకపోతే ఇంకో రోజు ఉపవాసం. ఏ సంగతైనా అల్లాబక్ష్‌ను అడిగాకే మసీదు పెద్దలు మైకులో చెబుతారు.

ఆ మర్యాద ఊరికే రాలేదు. ఒక ఘోరమైన తప్పు చేసి సంపాదించుకున్నాడు. ఇరవై రెండేళ్ల కిందట ఇలాంటి సాయంత్రమే తన మేడ మీద నిలబడి, మబ్బుల్లోకి వేలు చూపించి "అదిగో!" అన్నాడు. చుట్టూ నలభై మంది. నలభై మందికీ కనబడింది. ఒట్టేసి చెప్పారు. తెల్లారి వీధులన్నీ సేమ్యా పాయసం తాగాయి. ఆ రోజు చంద్రుడు సూర్యుడి కంటే ముందే అస్తమించాడని, చూడటానికి అసలు వీలే లేదని పంచాంగం లెక్కలు తెలిసినవాళ్లు తర్వాత తేల్చారు. ఉపవాసం ఉండాల్సిన జనానికి తానే తిండి తినిపించానని అల్లాబక్ష్ కుమిలిపోయాడు. పోనీ, ఆ నలభై మందిలో అబద్ధమాడినవాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. లేని చంద్రుణ్ణి అన్ని కళ్లూ నిజంగానే చూశాయి.

మరుసటి ఏడు పద్ధతి మార్చాడు. మేడ మీదికి ఒక్కొక్కరే పోవాలి. లోపలి మెట్లెక్కి, వెనక ఇనుప మెట్ల మీదుగా దిగాలి. ఎక్కేవాడికి దిగేవాడు ఎదురుపడకూడదు. అందరూ సున్నంతో గీసిన ఒకే గీత మీద నిలబడాలి, ఉత్త కళ్లతో చూడాలి, మనిషికి మూడు నిమిషాలు. చూసింది నోటితో చెప్పరాదు, కాగితం మీద బొమ్మ గీసి మడిచివ్వాలి. చూసేవాళ్లు కూడా బస్సు దిగి మసీదులో ఇఫ్తారుకు ఆగిన పొరుగూరి మనుషులు, ఒకరికొకరు పరిచయం లేనివాళ్లు. ముసలోడి చాదస్తం అని నవ్వారు కొందరు. నవ్వితే ఆయనకేం పోయింది?

ఈ ఏడు ఆకాశం నిండా మబ్బు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివే మనవరాలు మసరత్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"తాతా, పులివెందల్లో ఏడుమంది సూసినారంట! పండగేనంట!"

"ఒక్కొక్కరికీ ఫోన్ జెయ్ అమ్మీ. సూసినారా, యిన్నారా? అదొక్కటే అడుగు."

ఏడు ఫోన్లూ అయ్యేసరికి సంగతి బయటపడింది. ఏడుగురూ విన్నవాళ్లే. విన్నది ఒకే వాట్సాప్ మెసేజ్. అది పంపిన మైలవరం ఆయనకు ఇంకెవరో చెప్పారట.

"ఏడు కాదు తాతా, ఒకటి. ఒకటి గూడా కాదు!" అంది మసరత్. చెబుతూనే ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. "మా మేడమ్ మొత్తుకుంటానే ఉంటాది. పరిశీలనలు ఒకదాన్నొకటి అంటకుండా ఉండల్ల, అన్నీ ఒకే తీరు పరిస్థితిలోనుంచి రావల్ల, అప్పుడే పదిమందంటే పదిమంది లెక్క అని. నేను పరీక్షకు బట్టీ కొట్టినా గానీ తలకెక్కలే. నువ్వు ఇన్నేండ్లుగా చేస్తాండేది అదే గదా!"

"నాకేం తెలుసు అమ్మీ. దెబ్బ తిని నేర్చుకుంటి."

నమాజు కాగానే ముందు ఆయనే ఎక్కాడు. రెండు నిమిషాలు మబ్బే మింగేసింది. మూడో నిమిషంలో, నీళ్ల ట్యాంకుకు ఎడమగా మబ్బు చీలింది. కత్తిరించిన గోరంత సన్నటి వెలుగు! కొమ్ములు పైకి తిరిగి, కొంచెం ఎడమకు వాలాయి. గొంతు దాకా వచ్చిన కేకను మింగి, బొమ్మ గీసి, జేబులో పెట్టుకుని దిగాడు.

ఒక్కడి మాట చెల్లదు. ఇంకెవరికీ కనబడకపోతే పండుగ రోజున జనమంతా ఉపవాసం ఉంటారు, అది తప్పని ఆయనకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. "ట్యాంకుకు ఎడమ పక్క సూడప్పా" అని ఒక్క ముక్క చెబితే చాలు. కానీ ఆ ఒక్క ముక్కతో ఎంత మంది చూసినా అది తన చూపే అవుతుంది.

మొదటి మనిషి తెల్ల కాగితం ఇచ్చి పోయాడు. రెండో మనిషిదీ తెల్ల కాగితమే. పడమట వెలుగు తగ్గిపోతోంది.

"తాతా, నీకు కనపడిందా?"

"నన్నడగొద్దు. నా మొగం గూడా సూడొద్దు," అని ఆయన గోడ వైపు తిరిగాడు.

మూడోసారి ముదస్సిర్ ఎక్కాడు, పులివెందుల చీనీకాయల వ్యాపారి. నాలుగోసారి జమ్మలమడుగు ఆటో డ్రైవర్ కమాల్ బాషా. మసరత్ కాగితాలన్నీ లైటు కింద పరిచి, ముదస్సిర్‌ది విప్పింది. నీళ్ల ట్యాంకు, దానికి ఎడమగా వంపు, కొమ్ములు పైకి, ఎడమకు వాలు. కమాల్ బాషా బొమ్మలో ట్యాంకు వంకర, చంద్రుడు అరటిపండంత లావు. అయినా ట్యాంకుకు ఎడమగానే, కొమ్ములు పైకి, ఎడమకు వాలు. అల్లాబక్ష్ జేబులోది తీసి పక్కన పెట్టాడు.

ఒకరు చూసింది ఒకరికి తెలియని ముగ్గురు ఒకే వంపు గీశారంటే, అది వాళ్లలో ఏ ఒక్కడి ఊహా కాదు. పైన ఉన్నదే వాళ్ల చేత గీయించింది. నలభై మంది ఒట్లు ఇవ్వలేని నిబ్బరం ఈ మూడు పిచ్చి బొమ్మలు ఇచ్చాయి. ముసలాయన కళ్లు ధారగా కారాయి, తుడుచుకోలేదు.

తెల్ల కాగితాలను ఆయన పక్కకు నెట్టబోతే మసరత్ ఆపింది. "అవీ సాక్ష్యాలే తాతా. అందరికీ ఒకే అవకాశం ఇచ్చినాం గానీ, అందరికీ ఒకే జవాబు రావల్లని యాడుంది?"

మైకులో పండుగ అని చెప్పగానే జనం మేడెక్కారు. అప్పటికి మబ్బు మళ్లీ మూసుకుంది.

"యాడ మామా చంద్రుడు?" అన్నాడొక పెద్దమనిషి, కాస్త కోపంగానే.

అల్లాబక్ష్ ఆకాశం వైపు చూడనైనా చూడలేదు. తెల్లవి రెండింటితో సహా అయిదు కాగితాలూ ఆ పెద్దమనిషి చేతిలో పెట్టాడు. ఆ మనిషి ఒక్కొక్కటే విప్పుతూ పోయాడు. అయిదోది చూశాక, నెత్తిన టోపీ సర్దుకుని, కాగితాలను మర్యాదగా రెండు చేతులతో తిరిగిచ్చాడు.