క్యాను నిండిన శనివారం

నా చిన్నప్పుడు మేమున్న చోట చేతిలో డబ్బులున్నా కూరగాయలు దొరకని రోజులుండేవి. ఇప్పుడీ మాట చెబితే ఎవరూ నమ్మరు. ఢిల్లీ పక్కనే కదా అంటారు. పక్కనే. కానీ అక్కడి నుంచి ఒక్క టమాటా మా దాకా రావాలంటే రెండు బస్సులు మారాలి.

అంతకుముందు ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ గోడ వెంబడి గుడిసెల్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడే ప్రెస్సు మెషీను మీద పనిచేసేవాడు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఆ గుడిసెలు తీసేసి, ఊరికి చాలా దూరంగా, పొలాలు చదును చేసిన చోట ఇంటికొక చిన్న స్థలం ఇచ్చారు. స్థలమైతే ఇచ్చారు గానీ మా రేషను కార్డులు పాత దుకాణంలోనే ఉండిపోయాయి. ఆ దుకాణంవాడు నెలలో ఏ రోజు తెరుస్తాడో తెలియదు. పని మానుకుని అంత దూరం వెళితే, "మాల్ నహీఁ ఆయా", సరుకు రాలేదు అని షట్టరు సగం దించేవాడు. కొత్త చోటికి కూరగాయల బండి ఒకటి రెండు సార్లు వచ్చి, చక్రం బురదలో దిగబడ్డాక మానేసింది. పాల వ్యాను హైవే మలుపులోనే వెనక్కి తిరిగిపోయేది. ఉన్న ఒక్క కొట్టులో గుట్కా దండలు, చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్లు, అప్పుడప్పుడూ గోధుమపిండి. బియ్యం ఎప్పుడైనా వస్తే సాయంత్రానికల్లా అయిపోయేవి. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన మాకు అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. అయినా ఎన్నో పూటలు టీలో బిస్కెట్లు ముంచుకుని పడుకున్నాం.

మాతో పాటు తరలి వచ్చిన తెలుగు ఇళ్లు పదకొండు. అందరం ఒకే సంఘం. చర్చి కట్టడం కాలేదు కనుక ఆదివారం ప్రార్థన మా పక్కింటి మామ్మ గదిలోనే జరిగేది. మామ్మ మాకు చుట్టం కాదు. ఏదో ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి, ఒంటరిది. వీధి మొత్తానికీ ఆమె మామ్మే.

మా సంఘాల్లో పిడికెడు బియ్యం అనే అలవాటు ఒకటుంది. ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం దేవుని కోసమని పక్కన పోస్తారు. వారం పొడుగునా పోగైనవి ఆదివారం తీసుకువెళ్లి ఇస్తారు. అక్కడికి వచ్చాక మామ్మ ఈ అలవాటును కొంచెం మార్చింది. పాలు పోయించుకునే అల్యూమినియం క్యాను ఒకటి ఆమె దగ్గర ఊరికే పడి ఉండేది. దాని అడుగున తన ఇంటి బియ్యం కాసిని పోసి, మూత పెట్టి, శనివారం సాయంత్రం ఇంటింటికీ తిప్పేది. క్యాను లోపలికి తీసుకుని తలుపు వేసుకోవాలి. బయట ఉన్నవాళ్లు ఒక పాటలో ఒక చరణం పాడాలి. చరణం అయ్యేసరికి తలుపు తెరిచి క్యాను ఇచ్చెయ్యాలి. ఉన్నవాళ్లు పోస్తారు, లేనివాళ్లు తీసుకుంటారు. ఎవరు ఏం చేశారో ఎవరూ అడగరు. తీసుకున్నా పోసినా అందరూ అనేది "స్తోత్రం" ఒక్కటే.

కొన్నాళ్లకు మామ్మ మోకాళ్లు మొరాయించాయి. క్యాను మోసే పని నాకు అప్పజెప్పింది. ఎందుకు నాకే అని అమ్మ అడిగితే నవ్వి, "నీ కూతురికి నోరు లేదే. దీనికి మించిన మనిషెవరు దొరుకుతారు?" అంది. నిజమే, నేను మాట్లాడేది తక్కువ. మనుషులతో చెప్పలేనివి నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

రెండు చేతులా క్యానును పొట్టకు ఆనించి మోసేదాన్ని. రెండు మూడు వారాల్లోనే నాకు తెలిసిపోయింది. ఒక గుమ్మం దగ్గర క్యాను బరువెక్కుతుంది, మరో గుమ్మం దగ్గర తేలికవుతుంది. వరసలో మూడో ఇంటి దగ్గర ఎప్పుడూ తేలికయ్యేది. ఆ ఇంటి ఆంటీకి ఆరో నెల. ఆమె కూతురు నా క్లాసే. మా ఇల్లు వరసలో చివరిది. అక్కడికి రాగానే క్యాను అమ్మకిచ్చి కాళ్లు కడుక్కోవడానికి పోయేదాన్ని. పక్కనే ఉన్న మామ్మకు అమ్మే ఇచ్చి వచ్చేది. మేం పోసేవాళ్లమని నా నమ్మకం. దాని గురించి ఆలోచించను కూడా లేదు.

ఒక రోజు నీళ్ల ట్యాంకరు దగ్గర లైనులో ఉన్నాం. నా వెనక మూడో ఇంటి అమ్మాయి, ఇంకో నలుగురు పిల్లలు.

"ఏయ్ గూంగీ, నీ టిఫిన్లో ఇవాళ కూడా చిప్సేనా?" అంది ఆ అమ్మాయి. గూంగీ అంటే మూగది, బళ్లో నన్ను అలాగే పిలిచేవాళ్లు. "మమ్మీ అన్నం వండదా? బియ్యం లేవా మీకు?"

అందరూ నవ్వారు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకా గొంతు.

"మేం క్యానులో పోసేవాళ్లం. మీ అమ్మే తీసుకుద్ది. మీ ఇంటి దగ్గరే తేలికైపోద్ది, మోసేది నేను, నాకు తెలీదా?"

పిల్లల నవ్వు ఆగిపోయింది. అప్పుడు చూశాను, ఆంటీ లైనులో మాకు ముందే ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు. తన బకెట్టును కాలితో కొంచెం ముందుకు జరిపింది. అంతే.

ఆ శనివారం మూడో ఇంటి తలుపు తెరుచుకోలేదు. లోపలి నుంచే, "మాకొద్దులే తల్లీ. మీ అంకులు రేషను తెచ్చారు," అంది ఆంటీ. ఆ నెల రేషను ఎవరికీ రాలేదని వీధి మొత్తానికీ తెలుసు.

మిగతా ఇళ్లలో తలుపులు తెరుచుకున్నాయి. చరణం సగం పాడేసరికే క్యాను బయటికి వచ్చేసేది. ప్రతి గుమ్మం దగ్గరా బరువెక్కింది. ఎప్పుడూ తీసుకునే ఇళ్ల దగ్గర కూడా బరువెక్కింది. ఒక అక్క నా ముందే మూత ఎత్తి, లోపల ఎంత పోసిందో చూపించి మరీ ఇచ్చింది. చివరికి మా ఇంటికి వచ్చాను. అమ్మ క్యాను అందుకుని, నా మొహం వైపు చూడకుండా లోపలికి వెళ్లింది. ఈసారి నేను కాళ్లు కడుక్కోవడానికి పోలేదు, తలుపు సందులోంచి చూశాను. అమ్మ మా బియ్యం డబ్బాను క్యాను మీద బోర్లించింది. అడుగున గరిటెతో గీకింది. మూత పెట్టింది.

ఆ క్యాను మామ్మ ఇంటికి నేనే మోశాను. మామ్మ మూత తీసి చూసింది. బియ్యం అంచుదాకా ఉన్నాయి. అన్నాళ్లలో ఎప్పుడూ అంత రాలేదు. నేను మెచ్చుకుంటుందనుకోలేదు గానీ, తిడుతుందనుకున్నాను. మామ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మీ అమ్మ ఇక్కడికొచ్చాక ఎన్నిసార్లు తీసుకుందో తెలుసా నీకు?" అని అడిగింది కాసేపటికి. నేను తల అడ్డంగా ఊపాను. "నాకు తెలుసు. నేనూ మోశాను కదే. మోసేవాళ్లకు తెలవకుండా ఎట్టా ఉంటది?"

ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇంకెన్ని ఇళ్లలో వెలగలేదో నాకు తెలియదు.

మర్నాడు తెల్లవారకముందే మామ్మ లేచి ఆ బియ్యమంతా కడిగి, పెద్ద గుండిగలో ఎసరు పెట్టింది. ఎవరి బియ్యం వాళ్లకు తిరిగి ఇస్తే ఎవరూ పుచ్చుకోరని ఆమెకు తెలుసు. ప్రార్థన ముగిశాక, "ఇయ్యాల ప్రేమవిందు. ఎవరూ కదలొద్దు. పచ్చిపులుసే ఉంది, కూర అడిగినవాళ్లకి గరిటె దెబ్బ," అంది. నవ్వులు వినిపించాయి. అందరూ కింద కూర్చుని తిన్నారు. పెద్దవాళ్లు తల ఎత్తకుండా, రెండోసారి అడగకుండానే వడ్డించుకుంటూ తిన్నారు. అమ్మ పక్కన కూర్చుని నేనూ తిన్నాను. అన్నం వేడికి నా కళ్లలో నీళ్లు వస్తున్నాయని అమ్మ అనుకుందో, అనుకున్నట్టు ఊరుకుందో.

మూడో ఇంటివాళ్లు ప్రార్థనకు రాలేదు. మామ్మ ఒక పళ్లెం నిండా అన్నం పెట్టి, మూత బోర్లించి, నా చేతికిచ్చింది. "నువ్వే వెళ్లు," అంది.

ఆంటీ తలుపు తీసింది. ఒక చెయ్యి గోడకు ఆనించుకుని ఉంది. ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లాను. తప్పయిపోయింది ఆంటీ అనాలనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం ఎవరు కనిపించినా మనం అలవాటుగా అడిగే మాటే.

"తిన్నారా, ఆంటీ?"

ఆమె పళ్లెం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"తిన్నామమ్మా," అని తలుపు మెల్లగా వెయ్యసాగింది.

ఆమె వెనక గదిలో పొయ్యి చల్లగా, తుడిచి, శుభ్రంగా ఉంది. పక్కనే ఆ అమ్మాయి చాప మీద కూర్చుని నా చేతిలోని పళ్లేన్నే చూస్తోంది. తలుపు మూసుకునేదాకా చూస్తూనే ఉంది.

చలి మొదలయ్యాక ఆంటీ ట్యాంకరు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, నాలుగు రోజులు బతికింది. ఒంట్లో రక్తం లేదన్నారు ఆసుపత్రిలో. ఆకుకూర, పాలు, గుడ్డు తినాలన్నారు. ఆ మాట విని మామ్మ, "ఎక్కడమ్ముతారో కూడా చెప్పమనాల్సింది," అంది. వాళ్లు ఆ తర్వాత సొంతూరికి వెళ్లిపోయారు. క్యాను మళ్లీ తిరగలేదు. రెండు శనివారాలు మామ్మ ప్రయత్నించింది. నిండుతోంది తప్ప ఎవరూ తీసుకోవడం లేదని తానే ఆపేసింది.

నా మాట వల్లే అలా జరిగిందని ఎవరూ అనలేదు. క్యాను బియ్యంతో ఆంటీకి రక్తం పట్టేదా అంటే నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా తేలని సంగతి అది. తేలినదొకటే. ఆ రోజు నుంచీ నేను ఎవరినీ తిన్నారా అని అడగలేదు. ఇంటికి మనిషి వస్తే, ఏ వేళైనా సరే, ముందు కంచం పెట్టి అన్నం వడ్డిస్తాను. తినేటప్పుడు లోపల ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోతాను. మర్యాద తెలియని మనిషినని మా బంధువుల్లో చెప్పుకుంటారట. చెప్పుకోనీ.