రోట్లో లేని పొత్రం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉప్పల్ మెట్రో కింద ముచ్చటపడి కొన్న బొమ్మను, గోడకు తగిలించిన గంటలోనే మా అత్తయ్య దించేస్తే ఊరుకుంటానా?

ఆ బొమ్మలో, పల్లెటూరి వసారాలో ఒకావిడ చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కాలి బొటనవేలికి తాడు చుట్టుకుని చీర ఊయలను ఊపుతోంది. పక్కన ఒక రోలు, కోడిపెట్ట. అంతే. చూస్తే నాకు ప్రాణం కుదుటపడింది.

“అండ్ల పిల్ల కనిపిస్తలేదు. ఖాళీ తొట్టెల ఊపొద్దు బిడ్డా, ఇంటికి మంచిది గాదు,” అంది అత్తయ్య. నాచారంలో ఇంకా పొలాలున్నప్పుడు పుట్టిన మనిషి.

ఆ మాట నా గుండెల్లో గుచ్చుకుంది. అంతకు రెండు నెలల ముందే, ఐదో నెలలో, నా కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నేనేదో గాజు గ్లాసు పగలగొడితే చూడనట్టు నటిస్తున్నారు అందరూ, మా ఆయనతో సహా.

“అవునత్తయ్యా, ఖాళీయే! నా ఒడీ ఖాళీయే! బొమ్మనే ఎందుకు, నన్నూ బయట పెట్టండి,” అని అరిచాను. అరిచాక ఏడుపు ఆగలేదు.

ఆవిడ కళ్లజోడు వెతికి పెట్టుకుని, బొమ్మను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

“జర ఇటు రా. గీ రోలు సూడు. పొత్రం ఏది?”

నిజమే. రోలుంది గానీ రుబ్బే రాయి లేదు.

“తొట్టెల్ల ఉన్నది. అడుగు ఎట్ల దిగిందో సూడు. పిల్లను ఏసే ముందుగాల పొత్రానికి బట్ట సుట్టి పండబెడ్తరు గదా, ఖాళీది ఊపొద్దని. నేనే సరిగ సూడలె.”

“అయితే పాప ఇంటి లోపలుందా? ఇవాళే ఊయల్లో వేస్తారా?”

“ఏమో బిడ్డా. ఉండొచ్చు, లేకపోవచ్చు.” బొమ్మలోని ఊయలను వేలితో తడిమింది. “నా మొదటి పిల్ల నెల గూడ దాటలె. తొట్టెల ఇప్పబుద్ధి గాలె నాకు. మా అత్త మస్తు గయ్యాళి. ఆమెనే పొత్రం తెచ్చి అండ్ల పెట్టి, ఊపుకో పో అన్నది. మూడు దినాలు ఊపిన. ఆ మూడు దినాలు ఇంట్ల తొక్కు నూరలె ఎవ్వరు.”

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“పేరేమన్న అనుకున్నవా?”

చెప్పాను. ఆ పేరు ఆ ఇంట్లో పైకి వినపడటం అదే మొదలు. అత్తయ్య ఒకసారి పలికింది, సరిగ్గా రాలేదు. మళ్లీ చెప్పించుకుని, మళ్లీ పలికింది.