మెయిన్ ఆఫ్ చేశానని చెప్పాను

నేను పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. దయ్యాల గురించి పిల్లలు అడిగితే, "ఎవరైనా చూసుంటే క్లాసుకు తీసుకురండి, బరువెంతో తూకం వేద్దాం" అని నవ్వించేవాణ్ని. మా ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తానన్నా నాకు చిరాకు. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని ఒప్పించడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు, నా తప్పు నా తప్పుగా ఒక్కసారి రాసి పెట్టాలని కూర్చున్నాను.

మా సొంతూరు ఆళ్లగడ్డ. మా నాయన నలభై ఏళ్లు అక్కడ రాతి విగ్రహాలు చెక్కాడు. మొదట ఉలి, తర్వాత కటింగ్ మిషన్. మూతికి తువ్వాలు కట్టుకోవడం తప్ప ఆయనకు వేరే జాగ్రత్త తెలియదు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. అమ్మ పోయాక ఆయన్ని నంద్యాలకు, నా దగ్గరికి తెచ్చుకున్నాను. గోస్పాడు పోయే రోడ్డు పక్కన ఒక సందులో చివరి ఇల్లు మాది. నేను, నా భార్య సుజాత, నాయన.

నాయనకు ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టాం. కరెంటుతో నడిచేది. కరెంటు పోతే ఆగిపోయి కీమని అరుస్తుంది. ఇన్వర్టర్ మీద అది ఎక్కువసేపు నిలవదు. అందుకని బనగానపల్లెలో మామిడికాయల వ్యాపారం మానేసిన ఒకాయన దగ్గర పాత పెట్రోలు జనరేటర్ కొన్నాను. ఇద్దరు పట్టుకుంటే లేచేంత చిన్నది.

దాని విషయంలో నేను చాలా జాగ్రత్తపరుణ్ని. పొగ ప్రాణం తీస్తుందని తెలుసు కాబట్టి వాన పడినా ఇంట్లోకి తేలేదు. పెరట్లో, కిటికీలకు దూరంగా, ఎత్తుగా రాళ్లు పేర్చి పైన రేకు కప్పి పెట్టాను. వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పోసేవాణ్ని కాదు. వేసిన ప్రతిసారీ ఇంజనాయిల్ చూసేవాణ్ని. వాడినా వాడకపోయినా పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి కాసేపు నడిపేవాణ్ని.

ఒక్క పని మాత్రం చేయలేదు. నాయన మిషన్‌కు వేరే వైరు లాగి నేరుగా జనరేటర్‌కు కలిపితే సరిపోయేది. నాకేమో ఫ్యాను కూడా తిరగాలి, లైటు కూడా వెలగాలి. అందుకని రెండు కొసలకూ పిన్నులున్న వైరు ఒకటి తయారు చేసుకుని, ఒక కొస జనరేటర్‌లో, ఇంకో కొస పెరటి గోడకున్న ప్లగ్గులో పెట్టేవాణ్ని. దాంతో ఇల్లంతా కరెంటు వచ్చేది.

ఇంట్లో వేరే పని మీద వచ్చిన ఎలక్ట్రీషియన్ అది చూసి ఆ రోజే చెప్పాడు. "ఇట్ల పెట్టకూడదు సార్. మధ్యలో ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. లేకపోతే మీ జనరేటర్ కరెంటు మీటరు దాటి వీధి వైరులోకి పోతాది. పైన పని చేసేటోడు పోతాడు."

"తెలుసప్పా, నేను చెప్పే పాఠమే అది," అన్నాను.

స్విచ్ తర్వాత పెట్టిద్దాంలే అనుకున్నాను. అంతవరకు వైరు పెట్టే ముందు ఇంటి మెయిన్ ఆఫ్ చేయాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. మెయిన్ ఆఫ్‌లో ఉంటే కరెంటు బయటికి పోదు. ఏడాదిలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

ఆ రోజు ఆదివారం. ఎండాకాలం చివర. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు పెద్ద గాలి లేచి, వాన మొదలైంది. సందు మొదట్లో ఉన్న వేపచెట్టు కొమ్మ విరిగి పడి వైరు తెగింది, కరెంటు పోయింది. సుజాత బనగానపల్లెలో చుట్టాలింటికి పోయింది. ఇంట్లో నేనూ నాయనే.

గంటసేపు ఇన్వర్టర్ మీద నడిచి నాయన మిషన్ అరవడం మొదలుపెట్టింది. ఆయన మంచం పట్టె పట్టుకుని నోటితో గాలి పీలుస్తున్నాడు. వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ అంకె పడిపోతోంది. నేను పెరట్లోకి పరుగెత్తి, తాడు రెండుసార్లు లాగి జనరేటర్ స్టార్ట్ చేసి, వైరు గోడ ప్లగ్గులో పెట్టేశాను. మిషన్ మళ్లీ మొదలైంది.

మెయిన్ సంగతి నాకు గుర్తు రాలేదు.

చేతులకు పెట్రోలు అంటింది. గుడ్డతో తుడుచుకుంటూ వరండాలోకి వస్తే గేటు దగ్గర ఎవరో పిలిచారు. వెళ్లాను. పొడుగాటి మనిషి. ఖాకీ ప్యాంటు, తెల్లటి పొడుగు చేతుల చొక్కా. మీసం లేదు. భుజాన తాడు చుట్ట ఉంది.

"సారూ, జనరేటర్ మీదేనా? మెయిన్ ఆఫ్ చేసినారా?" అని అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మెయిన్ స్విచ్ మెట్ల కింద ఉంది. గేటు నుంచి పది అడుగులు. "ఒక్క నిమిషం, మరిచిపోయినా" అనొచ్చు. కరెంటు పాఠం చెప్పే సారు మరిచిపోయాడంటే నామోషీ అనిపించిందో, లోపల నాయన దగ్గుతున్నాడని తొందరపడ్డానో, ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎలాగూ ఇప్పుడే పోయి ఆఫ్ చేస్తాను కదా అనుకున్నాను.

"ఆ, చేసినాను," అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. తల ఊపి సందులోకి వెళ్లిపోయాడు. ఆ క్షణంలో నేను గమనించి కూడా పట్టించుకోనిది ఒకటుంది. అంత వానలో ఆయన చొక్కా తడవలేదు.

నేను మెట్ల వైపు తిరిగేలోపు లోపల ఏదో కింద పడిన చప్పుడైంది. చూస్తే నాయన ముక్కు గొట్టం ఊడిపోయింది, నీళ్ల గ్లాసు దొర్లింది. గొట్టం సరిచేసి, వీపు నిమిరి, క్లిప్పు చూస్తూ కూర్చున్నాను. కొంచెం ఊపిరి అందగానే ఆయన అన్న మొదటి మాట ఇది.

"ఆయప్పకు అబద్ధం చెప్తివి కదరా. నువ్వు మెట్ల కిందికి పోనే లేదు."

ఆయన మంచం కిటికీ పక్కనే. అంతా విన్నాడు.

"ఇప్పుడే పోతా నాయనా," అని లేచాను. సరిగ్గా అప్పుడు పెరట్లో జనరేటర్ మోత మారింది. బరువు మీద పడ్డట్టు ఒక్క క్షణం ముక్కి, మళ్లీ మామూలుగా అయింది. ఆ వెంటనే సందు మొదట్లో కేకలు.

స్తంభం మీద నుంచి లైన్‌మన్ పడిపోయాడు. వైరు తెగిన తర్వాత మా చివరి మూడిళ్లే ఒక ముక్కగా మిగిలాయి. ఆ ముక్కలో పారుతున్నది నా జనరేటర్ కరెంటు.

నేను ముందు ఆయన దగ్గరికి పోలేదు. ముందు మెట్ల కిందికి పోయి మెయిన్ ఆఫ్ చేశాను. తర్వాత పోయాను. అప్పటికే ఆయన్ని ఆటోలోకి ఎక్కిస్తున్నారు.

ఆయన బతికాడు. అరచేయి కాలింది. కింద రాతి చప్టా మీద పడడంతో వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. పేరు ఓబులేసు. మా ఆళ్లగడ్డ మనిషేనని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రమే, కరెంటు ఇంకా రాకముందే, వాళ్ల ఆఫీసు వాళ్లు వచ్చి ఇల్లిల్లూ అడిగారు. మెయిన్ ఆఫ్ చేసే జనరేటర్ వేశానని వాళ్లకూ చెప్పాను. స్విచ్ చూశారు, ఆఫ్‌లోనే ఉంది. వెళ్లిపోయారు. ఆ వారంలోనే పక్కింటామె గోడ మీంచి, "ఆ పొద్దు కరెంటు లేకున్నా మా బల్బు ఎట్ల వెలిగింది సార్?" అని అడిగింది. తెలియదన్నాను.

మా ఎదురింటి పెద్దాయన గేటుకు ఇన్వర్టర్ మీద నడిచే కెమెరా ఉంది. అందులో మా గేటు కనిపిస్తుంది. నాకు భయం పట్టుకుంది. వచ్చిన మనిషితో నేను మాట్లాడింది అందులో ఉంటే, ఆ మనిషొచ్చి సాక్ష్యం చెబితే ఏమవుతుందని. సైకిల్ పోయిందని ఇంకో అబద్ధం చెప్పి ఆ రోజు రికార్డు చూపించమన్నాను.

పెద్దాయన పక్కనుండగానే చూశాను. వాన పడుతోంది. నేను చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చాను. తల కొంచెం పైకెత్తాను, నాకంటే పొడుగైన మనిషిని చూసినట్టు. నా నోరు కదిలింది. కాసేపు నిలబడి వెనక్కి తిరిగాను.

గేటుకు అవతల ఎవరూ లేరు. ఆ మనిషి నిలబడిన చోట కూడా నేల మీద వాన చినుకులు పడుతూనే ఉన్నాయి.

"ఎవరితో మాట్లాడుతాండారు సార్?" అని పెద్దాయన అడిగాడు. ఫోన్‌లో అని చెప్పాను. నా రెండు చేతుల్లోనూ గుడ్డే ఉంది.

దాన్ని కాపీ చేసుకోలేదు. అందులో నా అబద్ధం కూడా ఉంది కదా. కొన్నాళ్లకు దాని మీద కొత్త రికార్డు ఎక్కిపోయింది.

నాయనకు కెమెరా సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎవరైతే ఏందిరా, అడిగింది మంచి మాటే కదా. ఆళ్లగడ్డకు పోయి ఆ లైన్‌మన్‌కు నిజం చెప్పు," అన్నాడు. ఆ తర్వాత కూడా మూడు నాలుగు సార్లు అడిగాడు. పోయొస్తా పోయొస్తా అంటూ గడిపాను. వానాకాలం ముగిసేలోపు నాయన పోయాడు. ఆళ్లగడ్డకు పోయొచ్చానని ఆయనకు చెప్పే అవకాశం నేనే పోగొట్టుకున్నాను.

కర్మలయ్యాక ఆళ్లగడ్డ వెళ్లాను. ఓబులేసు ఇల్లు వెతుక్కుని పోయాను. ముందు గదిలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై దాటని మనిషి. ఆయన భార్య లక్ష్మీదేవి కుర్చీ వేసి, నీళ్ల చెంబు పెట్టింది. నంద్యాలలో ఆ సందులో ఉంటానని చెప్పాను. మిగతాది చెప్పేలోపే ఆయనే మొదలుపెట్టాడు.

"నేను వైరు పట్టుకునే ముందు ఆగినా సార్. యాడనో జనరేటర్ మోత వినిపిస్తాండె. నాతో పనికొచ్చిన మా మాబూసాబ్ ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజులు తీసి ఆడనే ఉన్నాడు. 'మాబూ, ఆ మోత ఏ ఇంట్లోనో చూడు, మెయిన్ ఆఫ్ చేసినారో లేదో అడుగు' అని పైనుంచి అరిచినా. కొంచేపటికి కింద నుంచి మాట వచ్చింది. 'అడిగొచ్చినా. సారు ఆఫ్ చేసినానన్నాడు' అని. అప్పుడే చెయ్యి పెట్టినా."

గేటు దగ్గర నేను అన్న మాట అదే.

"మాబూసాబ్‌ని అడిగితే ఒట్టేసి చెప్తాండాడు. నువ్వు పిలిచిందే వినపడలే, నేను ఆడినుంచి కదల్లే అని. గొంతు మాత్రం మాబూదే సార్. కిందికి చూడలే నేను. ఆడినుంచి కదలకుంటే మీ సందులో సారుండాడని మాబూకు ఎట్ల తెలుసు?"

ఇక ఆగలేకపోయాను. జనరేటర్ నాదేనని, మెయిన్ ఆఫ్ చేయలేదని, గేటు దగ్గర మనిషికి చేసినానని చెప్పింది నేనేనని అంతా చెప్పాను. కెమెరాలో చూసింది కూడా చెప్పాను. లక్ష్మీదేవి గుమ్మంలో నిలబడి విన్నది. నా ముందున్న నీళ్ల చెంబు తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఓబులేసు కాలిన అరచేతిని చూసుకున్నాడు.

"టెస్టర్ జోబీలోనే ఉండె సార్. పెట్టి చూడాల్సింది. మాట నమ్మినా," అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగి అన్నాడు. "ఎవరో ఏమో తెలీదు. నాకోసం వానలో మీ గేటు దాకా వచ్చి అడిగినారు. వాళ్లకు మీరు అబద్ధం చెప్తిరి."

నేను లేచి వచ్చేశాను.

మరుసటి వారం మాబూసాబ్‌ని చూశాను. పొట్టి మనిషి, గడ్డం, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. గేటు దగ్గర నేను చూసింది ఆయన్ని కాదు. "మీ మొహం చూడ్డం ఇదే మొదలు సార్," అన్నాడాయన.

వాళ్ల ఆఫీసులో జరిగిందంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. పోలీసు స్టేషన్‌లోనూ ఇచ్చాను. కేసు నడుస్తోంది. ఏ శిక్ష వేసినా అది తక్కువేనని నాకు తెలుసు. నెలకోసారి ఆళ్లగడ్డ పోతాను. ఓబులేసు కూర్చోమంటాడు. లక్ష్మీదేవి ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడాలని నేను కోరుకోను కూడా.

ఈ మధ్య క్లాసులో మళ్లీ ఆ పాఠం వచ్చింది. నా జనరేటర్ నుంచి బయలుదేరిన కరెంటు మీటరు దాటి, వీధి వైరు మీదుగా ఓబులేసు చేతికి ఏ దారిన పోయిందో బోర్డు మీద గీసి చూపించగలను. నా మాట ఆయన చెవికి ఏ దారిన పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.