సమానంగా పెట్టిన మేత

గుంటూరు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ప్రయోగాల చిట్టెలుకలకు మేత పెట్టేది బసవమ్మ. అంతకుముందు ఇరవై ఏళ్లు మిరప కళ్లాల్లో తొడిమలు తీసింది. తన పనికి వంక పెడితే మాత్రం ఊరుకోదు.

పరిశోధన చేసే హారిక ఒక రోజు ఎలుకల తూకాలు చూసి, "పిన్నిగారూ, మగవాటికి కాస్త ఎక్కువ పెడుతున్నారా?" అని అడిగేసింది.

బసవమ్మకు ఒళ్లు మండింది. "ఇంట్లో ముప్పై ఏళ్లుగా మగాళ్లకే ఎక్కువ పెడుతున్నానమ్మా. ఇక్కడ మాత్రం చిటికెడు తేడా రానీను. రేపట్నుంచి నువ్వే పెట్టి చూడు!"

హారిక నెల రోజులు తనే తూచి పెట్టింది. అదే మేత తిని మగవి బలిశాయి. వయసులో ఉన్న ఆడవి సన్నగానే ఉన్నాయి. ముసలి ఆడవి మాత్రం మగవాటిలాగే ఒళ్లు చేశాయి.

"తేడా మీ చేతిలో లేదు పిన్నిగారూ, వాటి ఒంట్లోనే ఉంది" అంది హారిక. బసవమ్మ తన నడుం చూసుకుని పగలబడి నవ్వింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు కంచాల్లో సమానంగా కోడికూర వడ్డించి, భర్త పక్కనే కూర్చుంది.

"ఏందే, నాకు తగ్గింది?" అన్నాడు వెంకటనారాయణ.

"మగాళ్లకి తక్కువ తిన్నా ఒంటబట్టుద్దంట. ఎలుకల మీద రుజువైంది. తిను!"